గులకరాళ్లతో వేసిన ఓటు

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చిన సంఘాల అమ్మలకు, ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎం అక్కలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన వైద్య విద్యార్థులకు కూడా.

నాకు ఇచ్చిన విషయం చదివితే కొంచెం బరువుగా ఉంది. తల్లుల ఆరోగ్యంలోనూ, మధుమేహంలోనూ జాతుల మధ్య, తెగల మధ్య ఉన్న అంతరాలను తగ్గించడానికి ప్రజలతో కలిసి చేసే పరిశోధన గురించి చెప్పమన్నారు. నేను పిడికెడు గులకరాళ్లతో మొదలుపెడతాను.

జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా. హో, సంతాల్, ముండా తెగల ఊళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఒక ఊళ్లో ఆడవాళ్లు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు అనుకోండి. మధ్యలో బొమ్మల కార్డులు పరిచి ఉన్నాయి. ఒక బొమ్మలో కాన్పు తర్వాత రక్తం ఆగని బాలింత. ఇంకోదానిలో ఒళ్లు చల్లబడిన పసికందు. మరోదానిలో కాళ్లు ఉబ్బిన గర్భిణి. ఒక్కొక్కరి చేతిలో కొన్ని గులకరాళ్లు ఉన్నాయి. మన ఊరిని ఎక్కువ ఏడిపిస్తున్నది ఏదో ఆ బొమ్మ మీద రాయి పెట్టాలి. అక్షరం రాని అవ్వ రాయికీ, పదో తరగతి చదివిన కోడలి రాయికీ విలువ ఒక్కటే. చివర రాళ్లు లెక్కపెడతారు. ఎక్కువ రాళ్లు పడిన బొమ్మ గురించి వచ్చే నెల మాట్లాడుకుంటారు.

వచ్చే నెల ఒక కథ చెప్పుకుంటారు. పేరు ఊరు లేని ఒక బిడ్డ కథ. చివర బిడ్డ చనిపోతుంది. అప్పుడు ప్రశ్న మొదలవుతుంది. ఎందుకు చనిపోయింది? ఒళ్లు చల్లబడింది. ఎందుకు చల్లబడింది? పుట్టగానే కటిక నేల మీద పెట్టారు. ఎందుకు పెట్టారు? మాయ పడేదాకా బిడ్డను ఎత్తుకోలేదు. ఎందుకు ఎత్తుకోలేదు? ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే, ఆమె తల్లిని చూసుకుంటోంది. చూడండి, ప్రశ్న తవ్వుకుంటూ పోతే జవాబు ఎక్కడికి చేరిందో! మొదటి జవాబు దగ్గర ఆగిపోతే "వీళ్లకు తెలియదు, చెప్పాలి" అంటాం. నాలుగో జవాబు దాకా వెళ్తే "కాన్పు సమయంలో ఇంట్లో రెండో మనిషి ఉండాలి" అని ఆ ఊరి ఆడవాళ్లే అంటారు. ఆ రెండో మనిషి ఎవరో కూడా వాళ్లకే తెలుసు.

ఈ పని చేసింది చక్రధర్‌పూర్‌లోని ఏక్‌జుట్ అనే సంస్థ. డాక్టర్ ప్రశాంత త్రిపాఠి, డాక్టర్ నిర్మలా నాయర్ దాన్ని ప్రారంభించారు. లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు వారితో కలిశారు. జార్ఖండ్‌లో పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సవాన్, ఒడిశాలో కేంఝర్, ఈ మూడు జిల్లాల్లో సుమారు 2,28,000 మంది జనాభాను 36 ప్రాంతాలుగా విడదీశారు. చీటీ వేసినట్టుగా సగం ప్రాంతాల్లో సమావేశాలు పెట్టారు, మిగతా సగంలో పెట్టలేదు. 2005 నుంచి 2008 దాకా, మూడేళ్లపాటు, అన్ని చోట్లా పుట్టిన ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం 19,030 జననాలు. సంఘాలు 244. అందులో 172 అంతకు ముందే ఉన్నవి, మిగతా 72 కొత్తగా ఏర్పడ్డాయి. సమావేశాన్ని నడిపించింది డాక్టరు కాదు, నర్సు కాదు, ఆ ప్రాంతపు మహిళే.

ఇప్పుడు అంకెలు. విద్యార్థులు రాసుకోండి. పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయే బిడ్డల సంఖ్య, ప్రతి వెయ్యి సజీవ జననాలకు, సమావేశాలు జరిగిన ఊళ్లలో మొదటి ఏడు 55.6, రెండో ఏడు 37.1, మూడో ఏడు 36.3. సమావేశాలు లేని ఊళ్లలో 53.4, 59.6, 64.3. తేడాలన్నీ సరిచూసి మూడేళ్లకు కలిపి లెక్కిస్తే మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లు మాత్రమే చూస్తే 45 శాతం. ఇంకో సంగతి కూడా బయటపడింది. మూడో ఏడాదికి తల్లుల్లో మధ్యస్థాయి కుంగుబాటు 57 శాతం తగ్గింది. ఎవరూ వాళ్లకు మనోవ్యాధి మందులు పంచలేదు. నెలకోసారి తోటి ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు, అంతే.

నన్ను ఎక్కువగా కదిలించిన లెక్క మరొకటి ఉంది. అది ఆ తర్వాత తేలింది. మామూలుగా ఏ మంచి పథకం వచ్చినా ముందు అందుకునేది రోడ్డు పక్క ఊరు, చదువుకున్న ఇల్లు, కాస్త కలిగిన కుటుంబం. చివరి గూడెం చివరికే మిగులుతుంది. అందుకే సగటు మెరుగైనా అంతరం అలాగే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఏక్‌జుట్ ఊళ్లలో ఈ వరస తలకిందులైంది. అన్ని విధాలా అట్టడుగున ఉన్న కుటుంబాల్లో శిశు మరణాలు 59 శాతం తగ్గితే, వారికంటే కాస్త మెరుగైన కుటుంబాల్లో 36 శాతం తగ్గాయి. వెనక ఉన్నవాళ్లు ముందుకు వచ్చారు. అంతరం తగ్గడమంటే నా దృష్టిలో ఇదీ.

మన ప్రాంతం వాళ్లకు ఇది పూర్తిగా కొత్త అనిపించకూడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు, తమ ఇళ్లను కాలుస్తున్నది సారా అని తమలో తాము తేల్చుకుని లేచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. వాళ్లకు ఎవరూ బయటి నుంచి వచ్చి "మీ సమస్య సారా" అని చెప్పలేదు. ఆ తర్వాత మన డ్వాక్రా సంఘాలు లక్షల్లో పెరిగాయి. ఇన్ని సంఘాలు ఉండి కూడా పొదుపు, అప్పు, వడ్డీ లెక్కల దగ్గరే చాలాచోట్ల ఆగిపోయామన్నది నా బాధ.

సరే, ఈ పద్ధతి ఎక్కడ పెట్టినా పండుతుందా? పండదు. బంగ్లాదేశ్‌లో ఇదే పద్ధతిని ప్రయత్నించినప్పుడు మొదటిసారి ఫలితం రాలేదు. 2010లో ఆ లెక్కలు ప్రచురించారు, దాచలేదు. కారణం వెతికితే, సుమారు 1,400 మంది జనాభాకు ఒక్క సంఘం ఉంది. ఏక్‌జుట్ దగ్గర 468 మందికి ఒకటి. గర్భిణుల్లో ఎక్కువమంది సమావేశం మొహమే చూడకపోతే ఊరు ఎలా మారుతుంది? అదే బృందం మళ్లీ మొదలుపెట్టి, ఈసారి 309 మందికి ఒక సంఘం చొప్పున పెట్టింది. నవజాత శిశు మరణాలు 38 శాతం తగ్గాయి. పద్ధతి మీద నమ్మకం పోగొట్టుకోకుండా, ఎంత మోతాదులో ఇచ్చామని తమను తాము ప్రశ్నించుకున్నారు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ పనిని బంగ్లాదేశ్‌లో భుజాన వేసుకున్నది ఎవరో తెలుసా? బంగ్లాదేశ్ డయాబెటిక్ సమితి. షుగర్ రోగుల కోసం పుట్టిన సంస్థ తల్లీబిడ్డల పనిలో ఏళ్ల తరబడి ఉంది. అందుకని వాళ్లకు సహజంగా ఒక ఆలోచన వచ్చింది. బిడ్డల ప్రాణాలు నిలబెట్టిన ఈ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి, షుగర్ మీద కూడా పనిచేస్తుందా?

ఫరీద్‌పూర్ జిల్లాలో 96 గ్రామాలు తీసుకున్నారు. మూడు వాటాలు చేశారు. 32 గ్రామాల్లో నెలనెలా సమావేశాలు. ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా, 18 నెలలు. ఇంకో 32 గ్రామాల్లో సెల్‌ఫోనుకు వారానికి రెండుసార్లు షుగర్ గురించి మాటల్లో సందేశాలు, 14 నెలలు. మిగతా 32 గ్రామాల్లో మామూలుగా ఉన్నదే.

ఫోను వింటున్న ఊళ్లలో షుగర్ గురించి తెలిసిన విషయాలు పెరిగాయి. పెరగకుండా ఎలా ఉంటాయి, అంత శ్రద్ధగా చెప్పారు. రక్తంలో షుగర్ మాత్రం తగ్గలేదు. సమావేశాలు జరిగిన ఊళ్లలో, షుగర్ ఉన్నవాళ్లు, షుగర్ అంచున ఉన్నవాళ్లు, ఇద్దరినీ కలిపి చూస్తే ఆ శాతం మామూలు ఊళ్లకంటే దాదాపు 21 పాయింట్లు తక్కువగా తేలింది. ముందే అంచున ఉన్నవాళ్లలో రెండేళ్లలో పూర్తి షుగర్‌లోకి జారినవారి శాతం కూడా దాదాపు 9 పాయింట్లు తగ్గింది. 2019లో ఈ ఫలితాలు వచ్చాయి.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మనందరి ఉద్యోగమూ చెప్పడమే. కరపత్రాలు, గోడరాతలు, ఇప్పుడు వాట్సాప్ సందేశాలు. "అన్నం తగ్గించండి, నడవండి, నూనె తగ్గించండి." ఫరీద్‌పూర్ ఫోను కూడా ఇలాంటివే చెప్పింది. నడవాలని తెలిసిన కోడలు ఒంటరిగా రోడ్డు మీద నడిస్తే ఊరు ఏమంటుంది? ఆ ప్రశ్నకు ఫోనులో జవాబు ఉండదు. పదిమంది కలిసి బయలుదేరితే ఉంటుంది. నూనె తగ్గించాలని ఆమెకు తెలుసు, కూర రుచి చూసి కంచం నెట్టేసేది ఆయన. ఆయన కూడా తన సంఘంలో ఇదే మాట విని వస్తే ఆ కంచం దగ్గర గొడవ తగ్గుతుంది. తెలిసిన దానికీ చేయగలిగిన దానికీ మధ్య అత్త ఉంది, మొగుడు ఉన్నాడు, వీధి ఉంది, బియ్యం ధర ఉంది. ఆ మధ్యలో ఉన్నవాటిని పక్కకు జరపడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఇప్పుడు తల్లికీ షుగర్‌కూ మధ్య ముడి ఎక్కడుందో చూద్దాం. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో హీలా నది ఒడ్డున పీమా అనే ఆదివాసీలు ఉన్నారు. తమను తాము అకిమెల్ ఓఓదమ్ అంటారు, అంటే నది మనుషులు. నది నీళ్లతో పొలాలు పండించుకుని బతికిన జనం. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఎగువన వలస వచ్చినవాళ్లు నీళ్లను మళ్లించుకున్నారు. నది ఎండింది, వ్యవసాయం పోయింది, ప్రభుత్వం ఇచ్చే పిండి, కొవ్వు, చక్కెర తిండి అయింది. తర్వాత తరాల్లో షుగర్ ప్రపంచంలోనే అతి ఎక్కువగా కనిపించిన సమాజాల్లో వారిదొకటి. 1965 నుంచి అక్కడ పరిశోధకులు దశాబ్దాలపాటు పరీక్షలు చేశారు. వాటిలో ఒక ఫలితం 1988లో వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ ఉన్న తల్లుల పిల్లలను 20 నుంచి 24 ఏళ్ల వయసులో పరీక్షిస్తే 45 శాతం మందికి షుగర్ ఉంది. కాన్పు తర్వాత కొన్నేళ్లకు షుగర్ వచ్చిన తల్లుల పిల్లల్లో అది 8.6 శాతం. షుగర్ లేని తల్లుల పిల్లల్లో 1.4 శాతం.

రెండో అంకెను మళ్లీ చూడండి. ఆ తల్లులకూ షుగర్ వచ్చింది, కాకపోతే బిడ్డ కడుపులో ఉన్నప్పుడు లేదు. వంశంలో వచ్చేది అయితే ఇద్దరి పిల్లలకూ దగ్గర దగ్గరగా రావాలి. 45కీ 8.6కీ మధ్య ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఆ తొమ్మిది నెలలదే. అంటే గర్భిణి షుగర్‌ను అదుపులో పెట్టడం ఇద్దరికి చేసే వైద్యం.

"ఆ జాతికి అంతేనండి, రక్తంలోనే ఉంది" అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. ఆదివాసీల గురించి అంటారు, విదేశాల్లో అయితే మన గురించే అంటారు. అదే పీమా జనంలో ఒక భాగం సరిహద్దుకు అవతల, మెక్సికో కొండల్లోని మైకోబా ప్రాంతంలో ఉంది. పరిశోధకులు చూసేనాటికి వాళ్లు ఇంకా ఒళ్లు వంచి పొలం పని చేసుకుంటున్నారు. 2006లో వచ్చిన పరిశోధనలో వారిలో షుగర్ 6.9 శాతం. అరిజోనా వైపు 38 శాతం. రక్తం దగ్గరిదే. నది పోయిందా, ఉందా అన్నదే తేడా. మన రక్తానికి షుగర్ వైపు కొంత మొగ్గు ఉంది, కాదనను. ఆసియా వాళ్లకు ఎత్తుకు తగ్గ బరువు సూచిక (బీఎంఐ) 23 దాటగానే ప్రమాదం మొదలవుతుందని చెప్పేది అందుకే. బ్రిటన్‌లో ఏటా వచ్చే తల్లుల మరణాల నివేదికల్లో ఆసియా సంతతి తల్లులు తెల్లజాతి తల్లులతో పోలిస్తే దాదాపు రెట్టింపుగా చనిపోతున్నారని చాలా ఏళ్లు వచ్చింది. లండన్‌లో, లెస్టర్‌లో ఉన్న మన తెలుగు ఆడపిల్లలు కూడా ఆ "ఆసియా" అనే గడిలోకే వస్తారు. ఆ గడిని చూసి రక్తాన్ని తిట్టుకోవడం కాదు, ఆమె భాష అర్థమయ్యే మనిషి ఆసుపత్రిలో ఉన్నారా, ఆమె నొప్పి అంటే నమ్మారా అని అడగాలి.

పరిశోధన ప్రజలతో కలిసి కాకుండా ప్రజల మీద జరిగితే ఏమవుతుందో కూడా అరిజోనాలోనే చూశాం. గ్రాండ్ కాన్యన్ లోతుల్లో హవాసుపాయ్ అనే చిన్న తెగ ఉంది. షుగర్ విపరీతంగా పెరగడంతో వాళ్లు సాయం కోరారు. 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వచ్చి రక్తం తీసుకున్నారు. ఆ రక్తాన్ని తర్వాత మానసిక వ్యాధి మీద, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందనే దాని మీద పరిశోధనలకు వాడారు. 2003లో ఆ తెగ మహిళ ఒకరు యూనివర్సిటీలో ఒక ప్రసంగం వింటూ ఆ సంగతి తెలుసుకున్నారు. కోర్టుకు వెళ్లారు. 2010లో ఏడు లక్షల డాలర్ల పరిహారంతో పాటు రక్తం నమూనాలు వెనక్కి తీసుకున్నారు. వాటిని సొంత ఊరికి తీసుకెళ్లేటప్పుడు వాళ్లు ఏడ్చారు. డబ్బు గుర్తుండకపోయినా ఆ రక్తం ఇంటికి తిరిగి వచ్చిన సంగతి మీకు గుర్తుండాలి. విద్యార్థులూ, రేపు మీరు సూది పట్టుకుని ఒక గూడానికి వెళ్లేటప్పుడు, ఈ రక్తం ఎందుకో, తర్వాత ఎక్కడ ఉంటుందో, ఫలితం ముందుగా ఎవరికి చెబుతారో వాళ్ల భాషలో చెప్పగలిగితేనే వెళ్లండి.

మన దగ్గరికి వస్తాను. గర్భిణులకు షుగర్ పరీక్ష గురించి చెన్నై డాక్టర్ వి. శేషయ్య గారు చేసిన మేలు చాలా పెద్దది. తమిళనాడులో ఆయన బృందం పరీక్షిస్తే పట్టణాల్లో 17.8 శాతం, చిన్న పట్టణాల్లో 13.8, పల్లెల్లో 9.9 శాతం గర్భిణులకు షుగర్ బయటపడింది. పల్లెల్లో లేదనుకున్న జబ్బు పదిమందిలో ఒకరికి ఉంది. అప్పటిదాకా పద్ధతి ఏమిటంటే పరగడుపున రావాలి. పరగడుపున రమ్మని వెనక్కి పంపిన గర్భిణి మళ్లీ రాదని ఆయనకు తెలుసు. అందుకే తిన్నా తినకపోయినా సరే, వచ్చిన రోజే 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు ఒక్క పరీక్ష, 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ అన్నారు. ఇప్పుడు మన జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నది అదే. ఆడవాళ్ల దారిని చూసి పరీక్షను మార్చారు, పరీక్షను చూసి ఆడవాళ్లను మారమనలేదు.

అయినా ఒక సందు మిగిలింది. నేను పనిచేసిన ఒక ఏజెన్సీ ఆరోగ్య కేంద్రంలో జరిగింది చెబుతాను. ఒక గర్భిణి, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, ఆరో నెల. కొండ మీద గూడెం నుంచి నడిచి, కింద జీపు ఎక్కి వచ్చింది. గ్లూకోజు నీళ్లు కళ్లు మూసుకుని తాగింది. ఇరవై నిమిషాలకు, వరండా చివరకు పరుగెత్తి మొత్తం కక్కేసింది. అరగంటలోపు వాంతి అయితే పరీక్ష మర్నాడు మళ్లీ చేయాలన్నది నియమం. "రేపు రావాలమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది. కొంగుతో మూతి తుడుచుకుని, జీపు వెళ్లిపోతుందని గబగబా మెట్లు దిగింది. మర్నాడు రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "రాలేదు" అని రాశాను. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. రానిది ఆమె అన్నట్టుగా ఉంది ఆ రాత. ఆ రాత్రి ఆమె అక్కడే పడుకోవడానికి ఒక మంచం, తోడొచ్చిన మనిషికి ఇంత అన్నం చూపించనిది నేను.

ఇంకో పరీక్ష ఉంది, దాన్ని అందరం మరిచిపోతున్నాం. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లికి కాన్పు తర్వాత ఆరు వారాలకు మళ్లీ చూడాలి. ఎందుకంటే ఆమెకు ముందు ముందు షుగర్ స్థిరపడే ప్రమాదం ఎక్కువ, తర్వాతి బిడ్డ కడుపులో పడేసరికే అది ఉండవచ్చు. మన రిజిస్టర్లలో ఆ గడులు చాలావరకు ఖాళీగా ఉంటాయి. దూరం వల్ల రావడం లేదని నేను అనుకునేదాన్ని. బిడ్డకు ఆరు వారాల టీకా ఎలాగూ ఉంటుంది కదా, అదే రోజు తల్లికీ చేస్తే సరిపోతుందని చాలా తెలివైన ఆలోచన చేశానని అనుకున్నాను.

ఈమధ్య ఒక గూడెంలో బొమ్మల కార్డులు పరిచి అడిగాం. దూరం బొమ్మ మీద రెండే రాళ్లు పడ్డాయి. రాళ్లన్నీ ఖాళీ కంచం బొమ్మ మీద కుప్ప పడ్డాయి. ఈ రెండో పరీక్షకు పరగడుపునే రావాలి కదా. ఒక అవ్వ నా వైపు తిరిగి, "పచ్చి బాలింత కడుపు మాడ్చుకుని పదింటిదాకా కూర్చుంటే పాలు ఎక్కడి నుంచి వస్తాయి డాక్టరమ్మా?" అంది. టీకా వేశాక ఏడ్చే బిడ్డ, పక్కన ఆకలితో తల్లి. నా తెలివైన ఆలోచన ఆ రెండింటినీ ఒకే రోజు మీదకు తెచ్చింది.

వాళ్లే దారి చెప్పారు. తెల్లవారే బయలుదేరతాం, ముందు రాత్రి ఆలస్యంగా తింటాం, మీరు ఏడింటికే రక్తం తీసుకోండి, గ్లూకోజు తాగి కూర్చున్నంతసేపు బిడ్డను ఆడపడుచు ఎత్తుకుంటుంది, పరీక్ష అయిన వెంటనే తినడానికి గిన్నెలో కట్టుకుని వస్తాం, టీకా అన్నిటికంటే చివర వేయండి. ఏఎన్ఎం గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ మర్నాడు ఒప్పుకున్నాడు.

ఇది ఎంతవరకు పనిచేస్తుందో నేను ఇప్పుడే చెప్పను. ఒక్క గూడెం, నలుగురు బాలింతలు. వచ్చే బుధవారం వస్తామన్నారు. పరీక్ష ఏడింటికి, నేను ఆరున్నరకల్లా తాళం తీయించాలి. ఈ ఆలోచనలో నాకు కనిపించని తప్పు ఇక్కడున్న అమ్మలకు ఎవరికైనా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి, బుధవారంలోగా సరిదిద్దుకుంటాం. మైకు అటు వైపు ఇవ్వండి.